నాలుగు దెబ్బల ఇంజను

తోలు కుట్టిన చేతికీ ఇంజను బిగించిన చేతికీ మధ్య మా ఇంట్లో ఒక్క తరమే దూరం. మా అబ్బ కపిలలకు తోలు కుట్టినాడు. మా నాయన ఆయిల్ ఇంజన్లు తిప్పినాడు. నేను ఆళ్లగడ్డలో ఇంజన్ల షెడ్డు పెట్టినాను. నా కూతురు నంద్యాలలో ఇంజనీరింగు చదువుతా, అరచేతిలో పట్టే విమానం ఇంజనును నడిపింది. నాలుగు తరాల్లో పని మారింది, పనిముట్టు మారింది, కూలి గింజల నుంచి రూపాయలకు మారింది. మారనిది ఒకటుంది. దాని గురించే ఈ రాత.

కపిల అంటే ఏందో ఇప్పటి పిల్లలకు తెలీదు. బావి గట్టు మీద గిలక, గిలక మీద మోకు, మోకు కొసన పెద్ద బాన. ఎద్దులు వాలుగా తవ్విన బాటలో దిగుతా వుంటే బాన పైకొస్తుంది. దాని అడుగున ఏనుగు తొండం మాదిరి తోలుగొట్టం. పైకొచ్చినాక ఆ తొండం వాలి కాలవలో నీళ్లు పోస్తుంది. ఆ తొండం మాది. చచ్చిన గొడ్డును ఈడ్చుకొచ్చి, తోలు ఒలిచి, సున్నపు నీళ్లలో వేసి, వెంట్రుక గీకి, తంగేడు చెక్క నీళ్లలో నానబెట్టి, కుట్టి, మెత్తగుండేదానికి ఆముదం పట్టించి ఇయ్యాల. ఇంత చేస్తే కళ్లంలో మేర కింద నాలుగు గింజలు. మా అబ్బ కుట్టిన తొండంలోంచి పడిన నీళ్లతో ఊరోళ్ల వరి పండేది. ఆ కాలవలోనే వాళ్ల ఆడోళ్లు బిందెలు ముంచుకునేవాళ్లు. మా అబ్బ మాత్రం ఆ బావి మెట్టు దిగరాదు. తోలు నీళ్లలో మునిగితే లేని మైల, తోలు కుట్టిన చెయ్యి మునిగితే యాణ్నించి వచ్చింది? ఈ ప్రశ్నకు మా ఊర్లో జవాబు చెప్పినోడు లేడు. 1927లో మహద్‌లో అంబేడ్కర్ చవ్‌దార్ చెరువు నీళ్లు దోసిట పట్టి తాగినాడని నేను చానా ఏండ్లకు చదివినాను. చదివినప్పుడు నాకు చెరువు కనపడలేదు, మా అబ్బ తొండం కనపడింది. నీళ్లు పైకి తెచ్చేది మేము. ముట్టరానిదీ మేమే.

తర్వాత ఇంజన్లు వచ్చినాయి. మా పక్క కె.సి. కాలవ ఉంది. తుంగభద్ర మీద సుంకేసుల నుంచి 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్విన కాలవ అది. నంద్యాల, ఆళ్లగడ్డ పక్క పొలాలకు దాని నీళ్లే. కాలవ కింద పొలాలు ఎవరివో మీకు చెప్పనక్కర్లేదు. కాలవ అందని మెరక చేలకూ, బావుల కింద చేలకూ డీజిల్ ఇంజన్లు దిగినాయి. పూనాలో 1946లో పెట్టిన కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ వాళ్లవి కొన్ని, రాజ్‌కోట్‌లో తయారైనవి కొన్ని. ఇంజను వచ్చిన బావి దగ్గర కపిల ఊడబీకినారు. మా అబ్బకు మేర ఆగిపోయింది. ఎద్దులను అమ్ముకున్నోళ్లకు డబ్బులొచ్చినాయి. రంపె పట్టుకున్న మా అబ్బకు ఏమొస్తుంది?

మా నాయనను ఇంజను దగ్గర పెట్టుకున్నారు. ఎందుకు పెట్టుకున్నారో కూడా చెప్పాల. ఇంజనుకు హ్యాండిల్ వేసి తిప్పాల. వేగం అందుకున్నాక డీకంప్రెషన్ లీవరు వదలాల. సమయం తప్పితే హ్యాండిల్ ఎదురు తంతుంది. తన్నితే మణికట్టు విరుగుతుంది. ఆ పని మా గేరికి వచ్చిందంటే దాని వెనక ఈ లెక్క ఉంది. విరిగితే విరగనీలే అనుకున్న చెయ్యి మాది.

నాయన హ్యాండిలుతో ఆగలేదు. నంద్యాల నుంచి మెకానిక్కు వస్తే లాంతరు పట్టుకొని నిలబడేవాడు. లాంతరు పట్టమన్నోడు చూడొద్దని చెప్పలేదు గదా. అట్లా చూసి చూసి హెడ్డు విప్పడం, వాల్వులు నూరడం, ట్యాపెట్లు పెట్టడం నేర్చుకున్నాడు. చదువు లేదు. అయినా నాలుగు స్ట్రోకులు ఆయన చెప్పినట్టు నాకు ఎవరూ చెప్పలేదు. స్ట్రోకును ఆయన దెబ్బ అనేవాడు.

"ఒక దెబ్బలో పీలుస్తాది. ఒక దెబ్బలో నొక్కుతాది. ఒక దెబ్బలో పేలుతాది. ఒక దెబ్బలో వదుల్తాది. నాలుగిట్లో బలమిచ్చేది ఆ పేలే దెబ్బ ఒకటే. తక్కిన మూడూ దాని కష్టం మీద తిరుగుతాయి. మన ఊరు మాదిరే."

అని నవ్వేవాడు. ఆ నవ్వు మీకు పుస్తకంలో దొరకదు.

ఒక తమాషా చూడండి. కపిల పోయినా తోలు పోలేదు. బావిలో దిగే పైపు కొసన ఫుట్‌వాల్వు ఉంటుంది. దాంట్లో తోలు బిళ్ల. అది పాడైతే నీళ్లు నిలవవు, పంపు గాలి పీలుస్తుంది. ఆ బిళ్లను మా నాయన అబ్బ రంపెతోనే కోసేవాడు. పైపు జాయింట్లలో సందు పడితే పంపులో పేడనీళ్లు పోసి సందు మూసేవాళ్లు. గాలి దూరిందా, నీళ్లు రావు. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

ఇంజను పనికి పిలిచినోళ్లు ఇంజను ముట్టుకోనిచ్చినారు. డీజిలు ముట్టుకోనిచ్చినారు. టీ మాత్రం చూరులో దోపిన సత్తుగ్లాసులో. తాగినాక కడిగి మళ్లీ అక్కడే దోపాల. నేను తొమ్మిదితో బడి మాని నాయన వెంట స్పానర్లు మోస్తా తిరిగినప్పుడు ఆ గ్లాసు నాక్కూడా వచ్చింది, ఆస్తి వచ్చినట్టు.

1989లో ఆళ్లగడ్డలో సొంతంగా రేకుల షెడ్డు వేసినాను. అద్దె జాగా. నా కులం తెలిసి మూడు చోట్ల జాగా ఇయ్యలేదు, నాలుగో చోట ఇచ్చినారు. ఆళ్లగడ్డ అంటే బయటోళ్లకు రాతి శిల్పాలు తెలుసు. రోడ్డు పొడుగునా ఉలి చప్పుడే. ఆ చప్పుడు మధ్యలో ఇంజను చప్పుడు వినాల. ట్యాపెట్ సందు ఎక్కువైతే టకటకమంటుంది. తక్కువైతే చప్పుడుండదు గానీ వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతుంది. నాజిల్ సరిగ్గా చిమ్మకపోతే నల్లపొగ. రింగులు అరిగితే నీలంపొగ. ఇవన్నీ చెవితో, ముక్కుతో, అరచేతితో పట్టేవి. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చినాక ఆయిల్ ఇంజన్లు తగ్గినాయి. స్ప్రేయర్లు, టిల్లర్లు, జనరేటర్లు చేసుకుంటా బతికినాను. ఆ షెడ్డులోనే నా కూతురు పెరిగింది. అక్షరాల కంటే ముందు స్పానర్ల నంబర్లు చదివింది.

ఇప్పుడు విమానం సంగతి. 2022లో నంద్యాల జిల్లా అయింది. ఆ ఏడాది మా పాప ఇంజనీరింగు ఆఖరు సంవత్సరం. ప్రాజెక్టుకు నలుగురు పిల్లలు కలిసి రేడియోతో నడిపే చిన్న విమానం చేయాలనుకున్నారు. ఇప్పుడు ఇట్లాంటివి చానామంది బ్యాటరీ మోటార్లతోనే ఎగరేస్తున్నారు. వీళ్ల ల్యాబు బీరువాలో మాత్రం ఏండ్ల నాటి జపాన్ ఇంజను ఒకటి పడుంది. పదిహేను సీసీ, నాలుగు స్ట్రోకులు. ఒసాకాలో 1936లో మొదలైన ఓ.ఎస్. కంపెనీ 1976లో ఎఫ్‌ఎస్-60 అనే ఇంజను తెచ్చినాకనే ఇట్లాంటి బుల్లి నాలుగు స్ట్రోకుల ఇంజన్లు అందరికీ అందినాయంట. అంతకు ముందు విమానం బొమ్మలకు ఎక్కువగా కీచుమని అరిచే రెండు స్ట్రోకులవే.

పని పంచుకునేటప్పుడు మా పాపకు రిపోర్టు టైపు చేసే పని ఇచ్చినారు. కోటా సీటు పిల్లకు అంతకంటే ఏం వస్తుందిలే అని ఒకడు అన్నాడంట. ఇంజను మాత్రం ఎవరికీ తిరగలేదు, బిగుసుకుపోయింది. మా పాప దాన్ని తువ్వాలులో చుట్టుకొని సాయంత్రం బస్సుకు ఆళ్లగడ్డ వచ్చింది.

"నాయనా, ఇది కూడా నాలుగు దెబ్బలదే" అనింది.

మూత విప్పి చూసినాను. మా నాయన ఇంజనే, చీమంత చేసినట్టుంది. రెండు వాల్వులు, పుష్‌రాడ్లు, రాకర్లు, క్రాంకు రెండు చుట్లు తిరిగితే ఒక్క చుట్టు తిరిగే కామ్‌షాఫ్టు. ఐదు గుర్రాల కిర్లోస్కర్ 550 సీసీ, 1500 చుట్లు. ఇది 15 సీసీ, నిమిషానికి 9000, 10000 చుట్లు. తేడా నిప్పులో ఉంది. డీజిలుకు నొక్కుడు వేడే నిప్పు. దీనికి ప్లగ్గులో ప్లాటినం తీగ చుట్ట ఉంటుంది. మొదలుపెట్టేటప్పుడు 1.5 వోల్టుల బ్యాటరీతో దాన్ని ఎర్రగా కాలుస్తారు. ఒకసారి నడిచిందా, బ్యాటరీ తీసేయొచ్చు. మిథనాలు ఆవిరి ప్లాటినానికి తగిలి తీగను తనే వేడిగా ఉంచుకుంటుంది. నిప్పు ఎప్పుడు పడాలో తిప్పి పెట్టే టైమింగ్ ఏమీ లేదు. ప్లగ్గు వేడి, నొక్కుడు, ఇంధనం గాలి పాళ్లు, ఈ మూడే దాన్ని తేలుస్తాయి. అందుకే దీన్ని నడపడమంటే పాళ్లు కుదర్చడమే.

ఇంధనం డబ్బా మూత తీస్తే నాకు మా అబ్బ వాసనొచ్చింది. ఆముదం! ఇంధనం మిథనాలు, కొంచెం నైట్రోమీథేన్, నూటికి పదిహేను ఇరవై పాళ్లు నూనె. ఆ నూనెలో ఆముదం. మామూలు ఇంజనాయిలు మిథనాలులో కలవదు, ఆముదం కలుస్తుంది, ఎంత వేడికైనా లోహాన్ని పట్టుకొని ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో సిలిండర్లతో సహా గిరగిర తిరిగే విమాన ఇంజన్లకు ఆముదమే పోసినారు. అబ్బ తొండానికి పట్టించిందీ ఇదే. అయితే ఆముదానికి ఒక చెడ్డ గుణం ఉంది, వాడకుండా పెడితే బంక కడుతుంది. ఈ ఇంజను బిగిసింది అందుకే. కొంచెం వేడి చేసి, మిథనాలులో నానబెట్టి వదిలించినాము. మిథనాలు గాలిలో తేమను లాగుతుంది. దాని పాపాన బేరింగులు తుప్పు పట్టినాయి. అదే నంబరు బేరింగులు నంద్యాలలో దొరికినాయి. మిథనాలు విషం. కల్తీసారాలో కండ్లు, ప్రాణాలు తీసేది ఇదే. చర్మంలోంచి కూడా దిగుతుంది, పట్టపగలు దాని మంట కంటికి కనపడదు. పిల్లలు ఈ ముక్క ముందు నేర్చుకోవాల.

ట్యాపెట్లు మా పాప పెట్టింది. ఇంజను చల్లగా ఉండాల, పిస్టను నొక్కుడు దెబ్బ కొసకు రావాల, రెండు వాల్వులూ మూసుకొని ఉండాల. పెట్టెలో రెండు రేకులున్నాయి. 0.04 మిల్లీమీటర్లది దూరాల, 0.10 ది దూరకూడదు. మా డీజిలు ఇంజన్ల సందు దీనికంటే పెద్దది. వేలికి అలవాటైన కొలత వేరు, ఇక్కడ కావాల్సిన కొలత వేరు. ఆ పిల్ల స్క్రూ తిప్పి, నట్టు బిగించేటప్పుడు స్క్రూ కదలకుండా పట్టి, మళ్లీ కొలిచింది. గట్టిగా నట్టు బిగిస్తే సందు మారుతుందని ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు.

షెడ్డులో బల్లకు బిగించి నడిపినాము. కొత్త బేరింగులు గాబట్టి ముందు ఇంధనం ఎక్కువ పెట్టి, పొగ కక్కుతా, చల్లగా కొంతసేపు తిప్పినాము. పంకాకు ఎదురుగానో పక్కనో నిలబడకూడదు, వెనకనే ఉండాల. ఇంధనం తక్కువై గాలి ఎక్కువైతే ఇది కాలానికి ముందే పేలి ఎదురు తంతుంది. పంకా నట్టు ఊడి పంకా ఎగిరిపోతుంది. అందుకే దానికి రెండో నట్టు. ఎదురు తన్నడమంటే ఏందో మా ఇంటికి కొత్త గాదు.

నంద్యాల బయట బీడు భూమిలో విమానానికి ఎక్కించినారు. నేనూ పోయినాను. నేల మీద బ్రహ్మాండంగా నడిచింది. ముక్కు పైకెత్తి పట్టుకుంటే గొంతు సన్నగై ఆగిపోయింది. పిల్లలు నీడిల్ తిప్పడం మొదలుపెట్టినారు. వాళ్లలో ఒకరు ప్లగ్గు మార్చాలన్నారు, ఒకరు ట్యాంకు మార్చాలన్నారు. మా పాప వాళ్లను ఆగమని, ఇంధనం గొట్టాన్ని వెలుగుకు పెట్టి చూసింది. బుడగలు. "గాలి పీలుస్తాంది నాయనా, ఫుట్‌వాల్వు మాదిరి" అనింది. ఈ ట్యాంకులో కూడా మెత్తటి గొట్టం కొసన ఒక బరువు వేలాడుతుంది, విమానం ఎటు తిరిగితే ఇంధనం ఎటు పోతుందో అటు పోయి పీలుస్తుంది. బావిలో ఫుట్‌వాల్వుకు మనవడు. గొట్టం చెక్కలోంచి దూరే చోట సూదిమొనంత బెజ్జం పడింది. కొత్త గొట్టం వేసినాము. ఇక్కడ పేడనీళ్లు పనికిరావు గదా.

తర్వాత నీడిల్. పూర్తి వేగంలో పెట్టి కొంచెం కొంచెం బిగించుకుంటా పోవాల. గొంతు పెరిగి పెరిగి ఒక చోట ఆగుతుంది. ఆ కొస దగ్గర ఉంచకూడదు. రెండు మూడు వందల చుట్లు తగ్గేదాకా వెనక్కి వదలాల. పైకి పోయినాక ఇంజను తనంతట తనే ఇంకొంచెం ఇంధనానికి ఎండుతుంది, ఆ మిగులు అప్పుడు కావాల. మళ్లీ ముక్కెత్తి చూడాల. తర్వాత తక్కువ వేగం స్క్రూ. నెమ్మదిగా తిరిగేటప్పుడు ఒక్కసారి థ్రాటిల్ తెరిస్తే గొంతులో నీళ్లు పుక్కిలించినట్టు తడబడి లేచిందా, ఇంధనం ఎక్కువ. చప్పున ఆగిందా, తక్కువ. పొద్దున చలికి కుదిర్చిన పాళ్లు నంద్యాల మిట్టమధ్యాహ్నం ఎండకు కుదరవు, మళ్లీ వినాల. పని అయిపోయినాక గొట్టం పీకి లోపలి ఇంధనం పూర్తిగా కాలనిచ్చి, కార్బురేటరులోనూ వెనక గాలి గొట్టంలోనూ నాలుగు చుక్కల నూనె వేసి తిప్పి, వాల్వులు రెండూ మూసుకున్న చోట నిలిపి పెట్టాల. లేదంటే మళ్లీ తుప్పు, మళ్లీ బంక.

విమానం లేచింది. మా బీడు మీద, మా ఎండలో. రెండు స్ట్రోకుల కీచుగొంతు గాదు, దూరంగా మోటారు సైకిలు పోతున్నట్టు నిండుగా చప్పుడు. నేను తల ఎత్తి చూడలేదు, చెవి మాత్రం దాని మీద పెట్టి నిలబడినాను. ఒక్క దెబ్బ తప్పలేదు.

అప్పుడు వాళ్ల సారు వచ్చి ఏం చదివినావని అడిగినాడు. తొమ్మిది సార్ అన్నాను. ఆళ్లగడ్డలో ఏ వీధి అన్నాడు. చెప్పినాను. ఆయనకు కావాల్సింది తెలిసిపోయింది. "మిస్త్రీకి రెండు వందలిచ్చి పంపండి" అని పిల్లలతో అన్నాడు. నేను ఆ పిల్ల తండ్రినని ఆయనకు తెలుసు. టీ ఇచ్చినారు, అందరికీ ఒకే రకం కాగితం కప్పుల్లో. చూరులో గ్లాసు పోయింది గదా అని మనం సంతోషపడతాం. ఆ గ్లాసు యాడికి పోయిందో ఇంకో నెలకు తెలిసింది.

రిపోర్టులో మా పాప ఇంజను భాగం రాసింది. ట్యాపెట్ సందు, బుడగలు, నీడిల్, ఆముదం అన్నీ. చివర నా పేరు రాసి, ఆళ్లగడ్డ మెకానిక్, ఇంజను పనిలో మాకు గురువు అని రాసింది. ఆ వాక్యం కొట్టేసి 'స్థానిక కూలీ సహాయంతో' అని పెట్టమన్నారు. విడిగా పిలిచి, మార్కులు నీకే కావాల గదా అని కూడా అన్నారు. తోటి పిల్లలు ఇద్దరు, ఎందుకొచ్చిన గొడవ అన్నారు. ఒక పిల్ల మాత్రం మా పాప పక్కన నిలబడింది.

మా పాప ఫోను చేసింది. "ఏం చేయమంటావు నాయనా?"

"నీ మార్కులు, నీ ఇష్టం పాపా" అన్నాను.

"మార్కులు నావే. వాక్యం కూడా నాదే" అనింది. కొట్టేయలేదు. వైవాలో ఇంజను మీద అడిగిన ప్రతి దానికీ జవాబు చెప్పింది. నలుగురిలో తక్కువ మార్కులు ఆమెకే వచ్చినాయి. ఇంజను విప్పడం తెలిసినోళ్లలో ఆమె మొదట, మార్కుల్లో ఆఖరు. పాసైంది. ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటా ఉంది. ఆ రిపోర్టు ఆ కాలేజీ బీరువాలో, ఆ వాక్యంతో సహా ఉంది.

కూలీ అంటే నాకు సిగ్గు లేదు. మా వంశమంతా కూలీలమే. నా అభ్యంతరం ఒకటే. అదే పని తెల్లచొక్కా చేస్తే విజ్ఞానం, మేము చేస్తే సహాయం. చదివి చెప్తే ఇంజనీరు, విని చెప్తే మిస్త్రీ. కపిల తొండం కుట్టడంలో ఎంత లెక్క ఉందో, ఎంత రసాయనం ఉందో ఎవరూ రాసుకోలేదు. అది పోయినప్పుడు ఒక శాస్త్రం పోయిందని కూడా ఎవరూ అనుకోలేదు. రాసిన వాళ్లది చదువయింది, చేసిన వాళ్లది కులమయింది.

అంబేడ్కర్‌కు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. 1942లో వైస్రాయికి ఇచ్చిన వినతిపత్రంలో ఉద్యోగాలు, స్కాలర్‌షిప్పులతో పాటు ఇంకొకటి కూడా అడిగినాడు. మన పిల్లలను ప్రభుత్వ ముద్రణాలయాల్లో, రైల్వే వర్క్‌షాపుల్లో అప్రెంటీసులుగా పెట్టుకోమని. ఆయన అడిగింది కూలి పని గాదు, అది మనకు ఎప్పుడూ ఉంది. పని వెనకనున్న విద్య మన చేతికి, మన పేరుతో రావాలని అడిగినాడు. ఎనభై ఏండ్ల తర్వాత నా కూతురు ఒక్క వాక్యం కోసం కొట్లాడాల్సి వచ్చింది.

చదువుకునే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. మీ గేరిలో ఇంజను విప్పే మామ, బోరు దించే చిన్నాయన, కరెంటు మోటారు చుట్టే అన్న ఉంటాడు. ఆయన దగ్గర కూర్చోండి. ఆయన ఏ చప్పుడుకు ఏం చేస్తాడో, ఎంత సందు పెడతాడో, ఎందుకు పెడతాడో అడిగి రాయండి. రాసినాక కింద ఆయన పేరు పెట్టండి. కొట్టేయమని ఎవరన్నా అంటే ఎందుకు కొట్టేయాలో రాతలో ఇయ్యమనండి.